కుంకుమ పూసిన సీసం

కొండాపూర్‌లో ఒక పెద్దమనిషి సీసం గుండ్లకు కుంకుమ పూసి దాన్ని పరిశోధన అన్నాడు. ఆ పరిశోధన సాగినన్నాళ్లూ శనివారం ఉదయాలు అతని ఇంటి సోఫాలో కూర్చుని కాఫీ తాగినవాణ్ని నేను. కాఫీ బాగుండేది. ఆ ఇంట్లో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకున్నది అదొక్కటే. అదీ అతని తల్లి కలిపేది.

నేనక్కడికి వెళ్లింది మా అమ్మాయి కోసం, అంటే మా అక్క కూతురి కోసం. ప్రగతి నగర్‌లో ఉంటుంది. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్. అంటే వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టి చూపించి, "అది తప్పు కాదు, అలాగే ఉండాలి" అనిపించుకునే ఉద్యోగం. ఏ క్రీడా దినోత్సవానికో కంపెనీవాళ్లు తీసుకెళ్తే సరదాగా ఎయిర్ రైఫిల్ పట్టుకుంది. తర్వాత వదల్లేదు. గాలి ఒత్తిడితో చిన్న సీసపు గుండును పది మీటర్ల అవతలి గురికి కొట్టే ఆట అది. గురి నడిమి చుక్క పెన్సిల్ మొనతో పెట్టినంత ఉంటుంది. నిలబడి, ఊపిరి బిగబట్టి, అరవై గుండ్లు కొట్టాలి. అరవయ్యోది కూడా మొదటి దానిలాగే పడాలి. ఆటంతా అంతే. చూసేవాళ్లకు ఇంతకంటే విసుగైన ఆట మరొకటి ఉండదు. పత్రికలో పనిచేస్తూ క్రికెట్ స్కోర్ల మధ్య ఇరుకు జాగాలో ఈ ఆట ఫలితాలను నాలుగు వరుసలకు కుదించిన రోజుల్లో నేనూ అలాగే అనుకున్నాను.

కిందటేడు రాష్ట్ర పోటీల్లో, జాతీయ పోటీలకు కావలసిన అర్హత స్కోరు ఆమెకు వెంట్రుకవాసిలో తప్పిపోయింది. క్లబ్బు రైఫిల్‌తో కాల్చింది. దాని సిలిండర్‌లో గాలి నిలవదు. కాలుస్తున్నకొద్దీ గుండు కాస్త కాస్త కిందికి దిగుతుంది. మధ్యలో ఆగి, గాలి నింపి, మళ్లీ మొదటి నుంచి ఒళ్లు కుదుర్చుకోవాలి. ఈ ఏడాది ఎలాగైనా ఆ గీత దాటాలని పట్టుదల. దాటాలంటే మంచి రైఫిల్ కావాలి. కొనే తాహతు లేదు. మంచి రైఫిలేమో కొండాపూర్ పెద్దమనిషి దగ్గర ఉంది.

అతను ఒక కంపెనీలో డెలివరీ హెడ్. సీమ నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. తను చేసే పనేమిటో అతను నాకు రెండుసార్లు వివరించాడు. రెండుసార్లూ వేర్వేరుగా వివరించాడు. విదేశీ రైఫిల్ తెప్పించుకున్నాడు, దాని కోసం చెక్క పెట్టె, దాని కోసం ప్రత్యేకంగా తోలు జాకెట్, బూట్లు తెప్పించుకున్నాడు. అన్నీ వచ్చాక చెయ్యి వణుకుతోందని తెలిసింది. తెలిసింది మాకు. అతను మాత్రం పెల్లెట్లు బాగోలేవన్నాడు. పెల్లెట్లంటే ఆ సీసపు గుండ్లే. ఫ్యాక్టరీవాళ్లు అందరికీ ఒకటే కొలత చేస్తారనీ, తన బ్యారెల్‌కు తగిన గుండు ప్రపంచంలో ఎవడూ చెయ్యడం లేదనీ నిర్ధారించుకున్నాడు. అక్కడి నుంచి మొదలైంది.

ఇంటర్నెట్‌లో అమెరికా ముసలివాళ్ల వీడియోలు చూసేవాడు. గ్యారేజీలో కూర్చుని తూటా గొట్టాలను తమ కొలతలకు సాగదీసి, నొక్కి, మందు కొలిచి నింపుకుని, ఏ కంపెనీ చెయ్యని తూటాలు సొంతంగా తయారుచేసుకునే మనుషులు వాళ్లు. అలాంటి తూటాను అక్కడ వైల్డ్‌క్యాట్, అంటే అడవిపిల్లి, అంటారట. ఇతనికి ఆ మాట తెగ నచ్చింది. మన దేశంలో లైసెన్సులు లేకుండా తుపాకీ మందు జోలికి పోకూడదు గనుక ఆ ముచ్చట తీరే దారి లేదు. చట్టాన్ని తిట్టుకుని, గాలి తుపాకీ పెల్లెట్‌తోనే సరిపెట్టుకున్నాడు. బాలానగర్‌లో ఒక లేత్ షాపులో అచ్చు చెయ్యించాడు. వంటింటి వెనక బాల్కనీలో, బట్టలుతికే మెషీన్ పక్కన, చేత్తో లాగే ప్రెస్ బిగించాడు. సీసం తీగ ముక్కలు కోసి ఆ అచ్చులో నొక్కితే చిన్న చిన్న గుండ్లు పడేవి. వాటికి వెర్షన్ నంబర్లు పెట్టాడు. ఒకటి పాయింట్ రెండు, రెండు పాయింట్ సున్నా. మా అక్క కూతురు, నేనూ మాత్రం మాలో మేము దాన్ని పిల్లి అనేవాళ్లం.

"ఈ వారం పిల్లి ఏం పెట్టింది?" అని కార్లో అడిగేవాణ్ని.

"మూడు పాయింట్ ఒకటి పెట్టింది మావయ్యా. కళ్లు ఇంకా తెరవలేదు."

రైఫిల్ ఆమెకు అరువిచ్చే ముందు అతను షరతు పెట్టాడు. నా ముందే.

"చూడండి మేడం. రైఫిల్ మీదే అనుకోండి. పోటీ దాకా మీరే పెట్టుకోండి. ఒకటే కండిషన్. పోటీలో మన పెల్లెట్టే కొట్టాల. వేరే పెల్లెట్ ఆ బ్యారెల్‌లోకి పోగూడదు. ఏం సార్, పేపరాయనా, న్యాయమే కదా?"

"రైఫిల్ మీది. న్యాయం కూడా మీదే," అన్నాను.

అతను పెద్దగా నవ్వాడు. పొగడ్త అనుకున్నాడు.

మరి శనివారాలు నేనెందుకు? రైఫిల్ ఆమెదే అనుకోమన్నా, వారమంతా అతని ఇంట్లోనే ఉండేది. శనివారం తీసుకెళ్లి సాయంత్రం తిరిగి అప్పగించాలి. ఆ పొడుగు పెట్టె చూసి క్యాబ్‌వాళ్లు రైడ్ క్యాన్సిల్ చేస్తారు. మెట్రో దగ్గర సెక్యూరిటీవాళ్లకు పెట్టెలో ఏముందో చెప్పేలోపు నాలుగు రైళ్లు పోతాయి. నాకు కారుంది, ఉద్యోగం లేదు. అదీ సంగతి.

గురి సాధన చేసే రేంజి కూడా కొండాపూర్‌లోనే, ఒక దంతవైద్యశాల పై అంతస్తులో. ఒకప్పుడు అక్కడ సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్పే సంస్థ ఉండేదట. గోడ మీద పాత ఫ్లెక్సీ చింపిన చోట "గ్యారంటీ" అన్న మాట సగం ఇంకా అంటుకునే ఉంది. నడిపేది ఒక కోచ్. ఎవరేమన్నా "కరెక్ట్ సార్" అనడం అతని వృత్తి రహస్యం. రెండు విరుద్ధమైన మాటలకు ఒకే నిమిషంలో కరెక్ట్ అనగలడు. రాజకీయ వార్తలు రాసిన రోజుల్లో ఇలాంటివాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో కొందరు మంత్రులయ్యారు. ఇతను దంతవైద్యశాల పైన ఆగిపోయాడు.

డెలివరీ హెడ్‌కు తోడు అతని కంపెనీలోనే లెక్కలు చూసే డేటా మనిషి ఒకడు ఉండేవాడు. గోదావరి వైపువాడు. మెత్తగా మాట్లాడతాడు. చెప్పే అబద్ధం కూడా మెత్తగానే ఉంటుంది. వీళ్లిద్దరూ పెల్లెట్‌ను పరీక్షించే పద్ధతి ఇది. రైఫిల్‌ను ఇనుప బల్లకు బిగిస్తారు, చెయ్యి వణకకుండా. అయిదు గుండ్లు కొడతారు. కాగితం మీద అయిదు రంధ్రాలూ ఎంత దగ్గరగా పడ్డాయో కొలుస్తారు. తర్వాత బ్యారెల్‌ను గుడ్డతో శుభ్రం చేసి మరో అయిదు. ప్రతి పరీక్షా శుభ్రమైన బ్యారెల్‌తోనే మొదలవ్వాలన్నది డెలివరీ హెడ్ నియమం. ఆఫీసులో అలాగే చేస్తారట. పాత చెత్తేదీ లేకుండా ఎప్పటికప్పుడు కొత్తగా మొదలుపెట్టి పరీక్షిస్తేనే అసలు ఫలితం తెలుస్తుందట.

అయిదింటిలో ఒకటి దూరంగా పడితే డేటా మనిషి దాన్ని లెక్కలోంచి తీసేసేవాడు.

"అది అవుట్‌లయరండి. అది లేకపోతే గ్రూప్ ఎంత టైటుగా ఉందో చూశారాండీ?"

"మరి పోటీలో అలాంటిదొకటి పడితే?" అంది మా అమ్మాయి.

"పడదండి. అది స్టాటిస్టిక్స్‌లో లేదు."

తీసేశాడు గనుక లేదు. మా పత్రికలో ఒక విలేకరి ఇలాగే తనకు పనికిరాని సాక్షిని వార్తలోంచి తీసేస్తుండేవాడు. అతన్ని ఊరి పేజీ నుంచి వాతావరణం పెట్టెకు మార్చారు. అక్కడ ఎండను మార్చే వీలుండదు కదా. ఈ డేటా మనిషికి మాత్రం ఆ ఏడాది ఆఫీసులో మంచి రేటింగ్ వచ్చిందని డెలివరీ హెడ్ గర్వంగా చెప్పాడు.

ఇక కుంకుమ.

దసరా వచ్చింది. ఆ ఇంట్లో పెద్దావిడకు ప్రెస్, అచ్చు, ట్రేలో పోసిన గుండ్లు కనిపించాయి. ఆయుధ పూజ నాడు ఆవిడ వాటిని వదిలేస్తుందా? వాషింగ్ మెషీన్‌కు బొట్టు పెట్టి, ప్రెస్‌కు పసుపు రాసి, ట్రేలో చారెడు కుంకుమ చల్లింది. మనస్ఫూర్తిగా చల్లింది. మరుసటి శనివారం నేను వెళ్లేసరికి డెలివరీ హెడ్ తల పట్టుకుని కూర్చున్నాడు. గుండ్ల బరువు ఒక్కొక్కటీ ఒక్కోలా వస్తోందట.

"ఏంమా, ఎవురు పెట్టమన్నారు కుంకుమ?"

"ఆయుధాలు కదప్పా అవి. పూజ చెయ్యద్దా మరి? కారుకు పెట్టినాను, నీ లాప్‌టాప్‌కు పెట్టినాను. దానికేమన్నా నొప్పి పుట్టిందా?"

నిజానికి అంతటితో అయిపోవలసిన సంగతి. గుండ్లు కడుక్కుంటే పోయేది. కానీ కడిగే ముందు, పారబోసేవే కదా అని డేటా మనిషి రేంజిలో కుంకుమ అంటిన గుండ్లు అయిదు కొట్టి చూశాడు. అయిదూ ఒకే రంధ్రంలో పడ్డట్టు పడ్డాయి. మళ్లీ శుభ్రం చేసి మళ్లీ కొట్టాడు. మళ్లీ బాగానే పడ్డాయి.

ఆ మధ్యాహ్నం వాళ్లిద్దరి ముఖాలు నేను మరిచిపోలేను. తెలివితక్కువవాళ్లకు అదృష్టం కలిసొస్తే ఎలా ఉంటుందో అలా ఉన్నాయి. మెత్తని పొడి సీసానికీ ఉక్కుకూ మధ్య జారుడుగా పనిచేసి ఉంటుంది, అంతే. వాళ్లకు మాత్రం అది ఆవిష్కరణ. తర్వాతి వారాల్లో ఆ బాల్కనీ చూసినవాళ్లు అక్కడ నోములు నడుస్తున్నాయనుకునేవారు. గుడి కుంకుమ, పూజ సామాన్ల షాపు కుంకుమ, పసుపుతో ఇంట్లో చేసిన కుంకుమ, అన్నీ వేర్వేరు గిన్నెల్లో. ఏది ఎంతసేపు జల్లెడ పట్టాలి, నూనె చుక్క కలపాలా వద్దా అని రోజూ ఆఫీసు మొదలయ్యే ముందు నిలబడి మీటింగ్. ఆవిడ ఒకరోజు నాకు కాఫీ ఇస్తూ గొంతు తగ్గించి అడిగింది.

"మీరు పెద్దోళ్లు. వాడికి మీరన్నా చెప్పండి. దేవుని కుంకుమ సీసానికి పూసేదేంది? పైగా గుడిది మంచిదా, అంగడిది మంచిదా అని పరీచ్చలు. అమ్మవారికి మార్కులేస్తాడా వీడు?"

"నేను చెబితే వినడమ్మా."

"నేను చెబితే వింటాడా? నాలుగు పాయింట్ సున్నా అంటాడు."

నాలుగు పాయింట్ సున్నా అంటే కుంకుమ పూసిన గుండు. ఎర్రటి చిన్న డబ్బాలు చెయ్యించి, వాటి మీద పిల్లి బొమ్మ వేయించాడు. నేను పిల్లి అంటానని అతనికి తెలీదు. తనంతట తనే వేయించాడు.

మా అమ్మాయి ఆ ఎర్ర గుండ్లతో పూర్తి పోటీ లెక్కన అరవై కొట్టి చూసింది. వాళ్లెవరూ చెయ్యని పని అది. వాళ్లు అయిదు కొట్టి తుడుస్తారు. పోటీ మధ్యలో ఆగి బ్యారెల్ తుడుచుకుంటూ కూర్చోవడం కుదరదు. సగం దాకా బాగానే వెళ్లాయి. తర్వాత గుండ్లు చెదరడం మొదలైంది. చివరి పది చూస్తే ఎవరో కళ్లు మూసుకుని కొట్టినట్టున్నాయి. నేను వెనక కుర్చీలో కూర్చుని, గుండు ఎక్కడ పడిందో చూపించే తెర మీద చూస్తూనే ఉన్నాను. అయ్యాక ఆమె బ్యారెల్‌లోంచి గుడ్డ లాగింది. నల్లగా, ఎర్రగా, జిగటగా వచ్చింది. ఎండిన పసుపు, సున్నం, నూనె, సీసం అన్నీ కలిసి లోపల పూత కట్టాయి.

ఆ గుడ్డ పట్టుకుని వాళ్ల దగ్గరకు వెళ్లింది. టెస్టర్ కదా, అలవాటుగా వరుసగా చెప్పింది. ఎన్నో గుండు నుంచి మొదలైంది, ఎటువైపు జరుగుతోంది, తుడిచాక మళ్లీ ఎలా సరయింది, అన్నీ.

డేటా మనిషి శ్రద్ధగా విన్నాడు. "మా దగ్గర ఆ ప్రాబ్లెం రావట్లేదండి," అన్నాడు.

"మీరు అయిదు కొట్టి తుడుస్తున్నారు కాబట్టి రాదు. తుడవకుండా అరవై కొట్టండి."

"అలా కొడితే టెస్ట్ కరెక్టుగా ఉండదండి. ముందు కొట్టినవి తర్వాతవాటిని పాడు చేస్తాయి కదా."

"అదే నేను చెప్పేది!"

డెలివరీ హెడ్ ఆ గుడ్డను దూరం నుంచే చూశాడు. "మేడం, మీకు కొంచెం చెమట ఎక్కువబ్బా. చేతి తేమ పెల్లెట్‌కు తగల్తాంది. గ్లౌజు వేసుకోండి. సరిపోతాది."

"కోచ్ సార్, మీరైనా చెప్పండి," అంది ఆమె.

కోచ్ ఆమెను చూశాడు, రేంజికి కొత్త ఏసీ పెట్టించిన డెలివరీ హెడ్‌ను చూశాడు. "ఇద్దరు చెప్పింది కరెక్టే మేడం. జర గ్లౌజు ఏసి చూడున్రి. పోటీ ముందట పరేషాన్ ఎందుకు?"

రైఫిల్ అప్పగించి కార్లో బయల్దేరాం. కూకట్‌పల్లి దాటాక ఆమె అంది. "ఇది నేను రోజూ ఆఫీసులో వినేదే మావయ్యా. అక్కడ జీతమిస్తారు కాబట్టి వింటాను."

"ఆ రైఫిల్ వద్దని చెప్పెయ్."

"చెప్పేసి? గాలి కారే రైఫిల్‌తో మళ్లీ వెంట్రుకవాసిలో పోగొట్టుకోనా? ఆ రైఫిల్ ఎంత బావుంటుందో నీకు తెలీదు మావయ్యా. ట్రిగ్గర్ మీద వేలు పెడితే అది నేను అనుకున్నప్పుడే కదులుతుంది. ఒక్కసారి కూడా ముందు కదల్లేదు."

ఒక వస్తువు గురించి ఆమె అలా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. వాడడం చేతకానివాడి ఇంట్లో అది వారమంతా పెట్టెలో పడుకుని ఉంటోందని నాకు ఒళ్లు మండింది.

రాష్ట్ర పోటీల రోజు తెల్లవారుతూనే బయల్దేరాం. రైఫిల్‌ను ముందురోజు సాయంత్రమే తెచ్చుకుంది. పోటీ జరిగే రేంజి ఊరి శివార్లలో. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఒళ్లోని బ్యాగులోంచి పిల్లి బొమ్మ ఎర్ర డబ్బా తీసి, మూత తెరిచి నాకు చూపించింది. లోపలివి ఎర్రగా లేవు. వెండి రంగులో మెరుస్తున్నాయి.

"షాపువా?"

"షాపువే. రాత్రి బ్యారెల్ కడిగాను. గుడ్డ తెల్లగా వచ్చేదాకా కడుగుతూనే ఉన్నాను."

"వాళ్లకు తెలిస్తే?"

"నేనే చెప్తాను. కాల్చాక చెప్తాను. ముందు చెబితే రైఫిల్ ఉండదు."

మాట తప్పినట్టు కాదా అని అడగబోయి ఊరుకున్నాను. అప్పటికే ఆ ప్రశ్న ఆమె తనను తాను అడుక్కుని ఉంటుంది. పెదవి కొరుక్కుంటూ కూర్చుంది. అవతల పచ్చ లైటు పడింది.

వాళ్లు మాకంటే ముందే వచ్చి వెనక వరుసలో కూర్చున్నారు. డెలివరీ హెడ్ టీ షర్టు మీద కూడా పిల్లి. పక్కన కూర్చున్న ఏ జిల్లా నుంచో వచ్చిన తల్లిదండ్రులకు, వాళ్లు అడక్కపోయినా, గుండు గురించి వివరిస్తున్నాడు. ప్రపంచంలో ఎక్కడా లేని పూత అని చెబుతున్నాడు. ఆ తండ్రి మర్యాదగా తలూపుతూ తన బిడ్డ ఏ నంబరు లేన్‌లో ఉందో వెతుక్కుంటున్నాడు. డేటా మనిషి ఫోన్‌లో ఒక్కో గుండు స్కోరూ ఎక్కిస్తున్నాడు.

మా అమ్మాయి నిలబడిన తీరు నాకు వెనక నుంచే కనిపించేది. భుజం కదలదు. గుండు పెడుతుంది, రైఫిల్ ఎత్తుతుంది, చాలాసేపు ఏమీ జరగదు, తర్వాత ఒక్క చిన్న చప్పుడు. కొన్నిసార్లు ఎత్తి, నచ్చక, కాల్చకుండానే దించేసేది. సగం అయ్యాక కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుంది. సగం దాటాకే కదా గుండ్లు చెదిరేది. ఆమె మళ్లీ లేచి నిలబడే దాకా నేను తెర వైపు చూడలేదు. చూశాక గుండ్లు ఇంకా మధ్యలోనే పడుతున్నాయి.

"చూస్తాండావా?" అన్నాడు డెలివరీ హెడ్ డేటా మనిషితో. "ముప్పై దాటినా పోలేదు. చెమటే! నేను చెప్పలా?"

చివరి పదిలో రెండు జారాయి. మధ్య చుక్కకు దూరంగా పడ్డాయి. నా అరచేతులు తడిసిపోయాయి. చెమట నాక్కూడా ఎక్కువే. అరవయ్యోదానికి ఆమె చాలాసేపు తీసుకుంది. ఎత్తి దించింది. మళ్లీ ఎత్తింది. చప్పుడైంది. తెర మీద అంకె మారింది. అర్హత గీతకు పైన, వేలెడు జాగాలో నిలిచింది.

ఆమె రైఫిల్ దించి, బ్యారెల్ ఖాళీ అని చూపించి, బల్ల మీద పెట్టి, రెండు చేతుల్లో ముఖం దాచుకుంది.

డెలివరీ హెడ్ మాత్రం ఆగలేదు. నన్ను కౌగిలించుకున్నాడు, కోచ్‌ను కౌగిలించుకున్నాడు, ఆ తల్లిదండ్రులను కూడా కౌగిలించుకునేవాడే, వాళ్లు జరిగారు. "ప్రూవ్ అయిందబ్బా! ప్రూవ్ అయింది!" అని ఎవరికో ఫోన్ చేశాడు. ఆమె బయటికి రాగానే చెయ్యి చాపాడు.

"కంగ్రాట్స్ మేడం. మిగిలిన పెల్లెట్లు ఇయ్యండి. ల్యాబ్‌లో తూకం వేసి, రిపోర్టు పెట్టాల." ల్యాబంటే వాషింగ్ మెషీన్ పక్కన.

ఆమె డబ్బా తీసి అతని చేతిలో పెట్టింది. "తీసుకోండి సార్. ఇవి షాపువి. మీవి కాదు. మీవి సగం దాటాక చెదురుతాయని చెప్పాను, మీరు వినలేదు. ముందే చెబితే మీరు రైఫిల్ ఇవ్వరని చెప్పలేదు. సారీ."

అతను మూత తెరిచాడు. వెండి రంగు గుండ్లను చూశాడు. నేను కోపం వస్తుందనుకున్నాను. కోపమైనా వచ్చి ఉంటే అతని మీద కాస్త గౌరవం కలిగేది. అతను ఆలోచించాడు. ఆలోచించి అన్నాడు.

"అంటే, మన పెల్లెట్‌తో కొట్టి ఉంటే ఇంకా ఎక్కువ వచ్చేది."

ఆమె తన బ్యాగు మూసుకుంది.

"ఈ మ్యాచ్‌ను డేటాలోంచి తీసేద్దామండి," అన్నాడు డేటా మనిషి ఫోన్‌లో ఏదో నొక్కుతూ. అరవై గుండ్లూ, ఆమె ఏడాది కష్టమూ అవుట్‌లయర్ అయిపోయాయి.

"నేను ముందుగాలనే చెప్పిన సార్," అన్నాడు కోచ్. ఎవరికి ఏం చెప్పాడో ఎవరూ అడగలేదు.

డెలివరీ హెడ్ వంగి, రైఫిల్ పెట్టె గడియ తనే వేసుకున్నాడు. "రైఫిల్ ప్రాజెక్టుది మేడం. పర్సనల్‌గా తీసుకోవద్దండి. నేషనల్స్‌కు మన పెల్లెట్ కొట్టేవాళ్లుంటే ఇస్తా. ప్రాసెస్ ఉంటాది కదా." పెట్టె భుజానికి తగిలించుకుని నడిచి వెళ్లాడు. పెట్టె పొడుగు, అతను పొట్టి, అడుగడుక్కీ మోకాలికి తగులుతోంది.

ఎన్నో పార్టీల కార్యాలయాల్లో, ఎందరి గదుల ముందో కూర్చుని మనుషులను చూసినవాణ్ని. డబ్బు తిన్నవాణ్ని చూశాను, మాట తప్పినవాణ్ని చూశాను. వాళ్లకు లోపల ఎక్కడో తాము చేస్తున్నదేమిటో తెలుసు. ఈ మనిషికి తెలీదు. తెలుసుకునే వీలు లేకుండా చుట్టూ ఒక్కొక్క మాటా పేర్చి గోడ కట్టుకున్నాడు. ఆ గోడకు జీతం కూడా ఇస్తారు.

జాతీయ పోటీలు దగ్గరపడ్డాయి. మా అమ్మాయి మళ్లీ క్లబ్బు రైఫిల్ తీసింది. సిలిండర్‌కు కొత్త సీలు వేయించింది. కొంచెం నయం. పూర్తిగా నయం కాదు. ఇప్పుడు ఎన్ని గుండ్లకు గాలి నింపాలో, నింపాక ఒళ్లు కుదరడానికి ఎంతసేపు పడుతుందో, అదంతా తన పోటీ సమయంలో ఎలా ఇమడ్చాలో లెక్క కట్టుకుంటోంది.

ఒక ఆదివారం మా ఇంట్లో భోజనం చేస్తుండగా ఆమె ఫోన్ మోగింది. ఎడమ చేత్తో స్పీకర్ నొక్కి కంచం పక్కన పెట్టింది. డెలివరీ హెడ్.

"మేడం, ఒక ఐడియా వచ్చింది. విన్-విన్. నేషనల్స్‌కు రైఫిల్ మీరే తీసుకుపోండి. మొదటి పది మన పెల్లెట్, తర్వాతి పది షాపుది, మళ్లీ మనది. ఇట్లా మార్చి మార్చి కొట్టండి. ఒకే షూటరు, ఒకే రైఫిల్, ఒకే రోజు. ఇంతకంటే క్లీన్ టెస్ట్ ఉండదు. రిజల్ట్ ఏదొచ్చినా నేను యాక్సెప్ట్ చేస్తా. రాసిస్తా కావాలంటే."

మా ఆవిడ పప్పు గరిటె గాల్లోనే ఆపేసింది. మా అమ్మాయి ఫోన్‌ను చూస్తూ కూర్చుంది. అంతసేపు ఎందుకు ఊరుకుందో నాకు తెలుసు. మనసులో ఆ ట్రిగ్గర్ మీద వేలు పెట్టుకుని చూస్తోంది. సగం గుండ్లు పోయినా ఆ రైఫిల్ దక్కుతుంది. సగం గుండ్లు పోతే పోటీ దక్కదు.

"హలో? మేడం, ఉన్నారా?"

"ఉన్నాను సార్. నేను వెళ్తోంది టెస్టుకు కాదు సార్, పోటీకి. రైఫిల్ ఎవరికైనా కాల్చేవాళ్లకివ్వండి. పాపం, పెట్టెలో పెట్టకండి."

"అంటే రిజెక్టా? నోట్ చేసుకోనా?"

"చేసుకోండి సార్."

ఫోన్ కట్ చేసి, అన్నంలో పప్పు కలుపుకుంది. రెండు ముద్దలు తిన్నాక అంది. "మావయ్యా, రేపు ఆరింటికల్లా రాగలవా? ఆఫీసు టైముకి ముందే అరవై పూర్తి చెయ్యాలి. గాలి నింపడానికి నువ్వు కూడా నేర్చుకోవాలి, నేర్పిస్తాను."

వస్తానన్నాను.